కిటికీకి ఇవతల

ఒక మనిషి మంచివాడో చెడ్డవాడో తేల్చుకోవడానికి మనకి ఎంతసేపు కావాలి? పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు ఉప్మా తిని కాఫీ తాగేలోపల తేల్చేస్తారు. అద్దెకి దిగినవాళ్ళ సంగతి, వాళ్ళ సామాను బండి మీంచి దింపుతుండగానే పక్క వాటావాళ్ళు తేల్చేస్తారు. కొత్త కోడలి సంగతి సరేసరి, మొదటి రోజు చారులో ఉప్పే చెప్పేస్తుంది. ఇంత చురుగ్గా తీర్పులు చెప్పే మనకి పన్నెండు నిముషాల సినిమా చాలదూ? చాలుతుంది. చాలి, ఇంకా మిగులుతుంది కూడాను. ఆ మిగిలిన దానితోనే నాకు చిక్కు వచ్చిపడింది.

మామూలు సినిమా మనల్ని ఇంత శ్రమ పెట్టదు. రెండున్నర గంటలు కూచోబెట్టి, ఎవరి మీద జాలిపడాలో ఎవరి మీద పళ్ళు నూరాలో విడమరిచి చెప్పి, చివర్న దుర్మార్గుడికి తగిన శాస్తి చేసి, మనల్ని కడిగిన ముత్యాల్లా ఇంటికి పంపిస్తుంది. హాలు బయటికి వచ్చి చెప్పులు సరిచేసుకునేసరికి ఎవరికీ ఏ బాకీ ఉండదు. ఏడవాల్సినంత ఏడ్చాం, వాడు చచ్చాడు, వీళ్ళకి పెళ్ళయింది. పొట్టి సినిమాకి అంత తీరుబడి లేదు. రైల్లో ఎదురు సీటులో కూచున్న మనిషిలా నాలుగు మాటలు చెప్పి తన స్టేషను రాగానే దిగిపోతుంది. తరవాతేమైందో మనకి తెలియదు. మిగతా ప్రయాణమంతా కిటికీలోంచి బయటికి చూస్తూ ఆ మనిషి గురించే ఆలోచిస్తూ ఉంటాం.

పొట్టి సినిమాలంటే మనకి మొదట్నుంచీ చిన్నచూపే. 1948లో ఫిల్మ్స్ డివిజన్ ఏర్పడ్డాక, హాల్లో అసలు బొమ్మకి ముందు న్యూస్ రీలో డాక్యుమెంటరీయో వేసేవాళ్ళు కదా, జ్ఞాపకముందా? "ఇంకా న్యూస్ రీలేగా, నిదానంగా నడవండి" అనుకుంటూ జనం చీకట్లో మన కాళ్ళు తొక్కుకుంటూ సీట్లు వెతుక్కునే సమయమది. ఎవరో మహానుభావుడు ఎంతో కష్టపడి తీసిన పది నిముషాలు మన మోకాళ్ళ మధ్య నలిగిపోయేవి. ఇప్పుడు ఆ కాళ్ళు తొక్కేవాళ్ళు లేరు. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని నడుం వాల్చి, చేతిలో ఫోను పెట్టుకుని చూసుకోవచ్చు. అలా చూసినవాటిలో నాలుగింటి గురించి చెబుతాను. నాలుగూ నన్ను ఒకటే ప్రశ్న అడిగాయి గనక.

మొదటిది సత్యజిత్ రాయ్ 1964లో తీసిన 'టూ'. అమెరికా టెలివిజన్ కోసం, ఎస్సో కంపెనీవాళ్ళ డబ్బుతో తీశారు. వాళ్ళు ఇంగ్లీషులో తియ్యమన్నారట. బెంగాలీ పిల్లల నోట ఇంగ్లీషు పలికించడం ఇష్టంలేక కాబోలు, ఆయన అసలు మాటలే లేకుండా తీసేశారు. నాకిది బాగా నచ్చింది. పెట్టిన షరతుకి ఎదురు చెప్పకుండా, ఒప్పుకోకుండా, మధ్యలోంచి తప్పుకోవడం మనింట్లో ఆడవాళ్ళకి తెలిసిన విద్యే.

కథ ఇంతే. పెద్ద మేడ, అందులో ఒక్కగానొక్క పిల్లవాడు. చేతిలో కోకాకోలా సీసా, గదినిండా బొమ్మలు. బయట పిల్లనగ్రోవి వినపడితే కిటికీలోంచి చూస్తాడు. కింద ఖాళీస్థలంలో గుడిసె పిల్లవాడు ఊదుకుంటున్నాడు. వీడు ఊరుకోవచ్చా? తన బొమ్మ బాకా తెచ్చి ఇంకా గట్టిగా ఊదుతాడు. కిందివాడు గుడిసెలోకి పరుగెత్తి చిన్న డోలు తెస్తాడు. పైవాడు డప్పు వాయించే కోతి బొమ్మ చూపిస్తాడు. కిందివాడు ఇంట్లో చేసుకున్న ముసుగు పెట్టుకుని విల్లంబులతో వస్తే, పైవాడు ముసుగు మీద ముసుగు మార్చి, కత్తీ తుపాకీ తిప్పి హడలగొడతాడు. పాపం, కిందివాడు తల వంచుకుని వెళ్ళిపోతాడు. కాసేపటికి కిటికీలోంచి ఆకాశంలో గాలిపటం కనపడుతుంది. వీడి కళ్ళు దారం వెంబడి కిందికి దిగి దిగి, ఆ చివర ఎవడున్నాడో చూస్తాయి. ముందు ఉండేలుతో కొట్టబోతాడు, తగలదు. బొమ్మ తుపాకీ తెచ్చి పేలుస్తాడు. గాలిపటం చిరిగి కింద పడుతుంది. కిందివాడు దాన్ని పట్టుకుని పైకి చూస్తాడు. కళ్ళల్లో నీళ్ళు. గుడిసెలోకి వెళ్ళిపోతాడు. గెలిచినవాడు తన బొమ్మలన్నిటికీ ఒకేసారి ఊపిరి పోసి, ఆ మోతలో కూచుంటాడు. అప్పుడు ఆ మోతని దాటుకుని పిల్లనగ్రోవి మళ్ళీ వినపడుతుంది. వాడి మొహం మారుతుంది. అంతే, అయిపోయింది.

దీన్ని వియత్నాం యుద్ధంతో ముడిపెట్టి వ్యాఖ్యానించినవాళ్ళున్నారు. అలాగే కానివ్వండి. నాకు మాత్రం వియత్నాం దాకా వెళ్ళే ఓపిక లేదు. మా అపార్ట్‌మెంటు మూడో అంతస్తు బాల్కనీ దగ్గరే ఆగిపోయాను.

మొదటిసారి చూసినప్పుడు నా మనసంతా కిందివాడి వైపే ఉంది. ఎవరి మనసైనా అంతేగా. రెండోసారి చూసినప్పుడు మరొకటి గమనించాను. నా మనసు కిందివాడి దగ్గరుంది సరే, నా కళ్ళెక్కడున్నాయి? కళ్ళు చాలాసేపు మేడ మీదే ఉన్నాయి. కెమెరా పైవాడి గదిలో పైవాడి పక్కన నిలబడింది. కిందివాణ్ణి మనం ఎక్కువగా కిటికీలోంచి, పైనుంచి, చిన్నగా చూస్తాం. వాడు గుడిసెలోకి పరుగెత్తుతాడు, లోపల ఏం జరిగిందో మనకి తెలియదు. వాడికి అమ్మ ఉందా, ఆ డోలు ఎవరిది, ఆ రోజు అన్నం తిన్నాడా? మనం కిటికీ దగ్గరే ఉండిపోతాం. పైవాడి బొమ్మల గదంతా మనది, కిందివాడి కన్నీళ్ళూ మనవే. రెండూ మనకే దక్కాయి. ఇంత సుఖమైన జాలి ఇంకెక్కడైనా దొరుకుతుందా?

జాలిపడటం తప్పని నేననను. జాలి లేని మనిషిని పక్కన కూచోబెట్టుకోలేం. కానీ సినిమాలో పడే జాలికి ఖర్చు లేదు. కిందివాడి కోసం మనం ఏమీ వదులుకోనక్కర్లేదు, కనీసం కిటికీ దగ్గర్నుంచి లేవనక్కర్లేదు. ఖర్చు లేని జాలిని మంచితనం అని జమ వేసుకోవచ్చునా? నన్ను పట్టుకున్న ప్రశ్న ఇదీ.

ఈ సినిమా మా ఇంట్లో అందరికీ చూపించాను. మా అత్తగారికి ఎనభై దాటాయి. ఆవిడ శ్రద్ధగా ఆఖరిదాకా చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ "అంత మేడలో పిల్లవాణ్ణి ఒక్కణ్ణీ వదిలేసి, వాళ్ళమ్మ ఎక్కడ తిరుగుతోందర్రా?" అన్నారు. చూశారా! బొమ్మల మధ్య ఆ పిల్లవాడికి తోడుగా పెద్దవాళ్ళెవరూ కనపడరు. మొహం కూడా చూపించని ఆ తల్లికి మేం పన్నెండు నిముషాల్లో శిక్ష వేసేశాం. ఎందుకంటే మా వదినా "అవును, అదీ నిజమే" అంది. మా అమ్మాయి కూడా తలూపింది. తండ్రి ఎక్కడున్నాడని మాలో ఒక్కరూ అడగలేదు. ఆయన ఆఫీసులో ఉంటాడు. అది అందరికీ తెలిసిందే, సినిమావాళ్ళు చెప్పనక్కర్లేదు!

మా మనవరాలికి ఏడేళ్ళు. అది మాత్రం, "వాడితో ఆడుకోవడానికి ఎవరూ లేరు అమ్మమ్మా, అందుకే వాడికి కోపం" అంది. పైవాడి గురించి. కిందివాడి గాలిపటం గురించి అడిగితే, "వాడు ఇంకోటి చేసుకుంటాడు, వాడికి చెయ్యడం వచ్చుగా" అంది. ఇద్దరిలో ఎవరికి లేమి ఉందో అది మాకంటే వేరేగా లెక్కకట్టింది. దాని లెక్క పూర్తిగా ఒప్పని నేననుకోను. బాకా లేకపోయినా డోలు తెచ్చుకోగలడని గుడిసెలో పిల్లల్ని అలాగే వదిలేస్తామా? కానీ పైవాణ్ణి చెడ్డపిల్లవాడని అది అనలేదు. మేమందరం అన్నాం.

ఉండేలు అంటే మరొకటి గుర్తొచ్చింది. రాయ్ కంటే ఎనిమిదేళ్ళ ముందు, 1956లో, ఫ్రాన్సులో ఆల్బర్ లామొరిస్ అనే ఆయన 'ఎర్ర బుడగ' అనే సినిమా తీశాడు. ముప్ఫై నాలుగు నిముషాలు. అందులో పిల్లవాడు ఆయన కొడుకు పాస్కలే. పారిస్‌లో మెనిల్‌మోంతాఁ అనే పాత పేట, బూడిదరంగు గోడలు, తడి మెట్లు. ఆ మాసిన రంగుల మధ్య ఒక్కటే ఒక్క ఎర్ర బుడగ. కుంకుమ బొట్టులా ఉంటుంది. అది కుక్కపిల్లలాగ వాడి వెంట తిరుగుతుంది, బడి దాకా వెళుతుంది, బయట కాచుకుని ఉంటుంది. మాటలు దాదాపు లేవు. అయినా దానికి ఆస్కార్ వచ్చింది దేనికనుకున్నారు? స్క్రీన్‌ప్లే రచనకి! మాట్లాడకుండా కథ చెప్పడం కూడా రాతే అని వాళ్ళు గుర్తించినందుకు సంతోషించాను.

ఆ పేట పిల్లలకి ఈ స్నేహం చూస్తే కంటగింపు. వెంటపడి, ఉండేళ్ళతో కొట్టి, బుడగని చంపేస్తారు. చంపేస్తారనే అనాలి. ఎందుకంటే అది ఒక్కసారి టప్పున పేలిపోదు. నెమ్మదిగా చర్మం ముడతలు పడి, కుంచించుకుపోయి, కిందికి దిగుతుంది. అప్పుడు ఒక కాలు వచ్చి తొక్కేస్తుంది. రబ్బరు ముక్క కోసం నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. కానీ లామొరిస్ దయగలవాడు. వెంటనే పారిస్ నగరంలోని బుడగలన్నీ యజమానుల చేతుల్లోంచి తప్పించుకుని ఎగిరి వచ్చి, పాస్కల్‌ని ఎత్తుకుని ఆకాశంలోకి తీసుకుపోతాయి. (గాల్లోంచి చిత్రాలు తియ్యడం మీద అంత మోజున్న లామొరిస్, 1970లో ఇరాన్‌లో చిత్రీకరణలో ఉండగానే హెలికాప్టర్ కూలి పోయాడు. ఆ సంగతి తెలిశాక ఆ చివరి దృశ్యాన్ని మునుపటిలా చూడలేకపోతున్నాను.)

ఇది ఓదార్పా, మోసమా? మా అమ్మాయి మోసమే అంటుంది. లోకంలో బుడగలు రావు కదా అని దాని వాదం. నేనొప్పుకోను. చిన్నపిల్లలకి చందమామని చూపించి అన్నం తినిపించినంత మాత్రాన వాళ్ళని మోసం చేసినట్టా? అయితే ఒక్కటి మాత్రం నిజం. ఆ బుడగలన్నీ వచ్చేసరికి, తొక్కిన కాలు ఎవరిదో నేను మర్చిపోయాను. రాయ్ సినిమాలో అలా మర్చిపోవడం కుదరలేదు. చిరిగిన గాలిపటాన్ని అక్కడ ఎవరూ అతికించలేదు. దాన్ని చింపినవాడి పక్కనే చివరిదాకా కూచున్నాను.

ఓదార్చకపోతే పోనీ, నీతి చెప్పొచ్చుగా అనేవాళ్ళు ఉంటారు. అదీ చేసి చూశాడొకాయన. కెనడాలో నార్మన్ మెక్‌లారెన్ 1952లో, కొరియా యుద్ధం సాగుతున్న రోజుల్లో, 'నైబర్స్' అని ఎనిమిది నిముషాల సినిమా తీశాడు. ఇరుగు పొరుగు ఇద్దరు మగవాళ్ళు కుర్చీలేసుకుని పేపర్లు చదువుకుంటూ ఉంటారు. సరిగ్గా ఇద్దరి మధ్య ఒక పువ్వు పూస్తుంది. ఇద్దరూ మురిసిపోతారు. ఆ వెంటనే నాదంటే నాదని మొదలు. కంచె కడతారు, కంచె కర్రలే పీకి కొట్టుకుంటారు, చివరికి ఇద్దరూ చస్తారు. ప్రహరీ గోడ మీదికి వాలిన మునగకొమ్మ గురించి మాట్లాడుకోవడం మానేసిన రెండు కుటుంబాలు నాకు తెలుసు గనక, ఇదేమీ వింతగా తోచలేదు. తీసిన తీరు మాత్రం వింతే. బతికున్న మనుషుల్ని బొమ్మల్లాగ అంగుళం అంగుళం జరుపుతూ, ఒక్కో ఫొటో తీస్తూ కలిపాడు. మనుషులు నడవకుండానే నేల మీద జారిపోతుంటారు. కోపం వచ్చినప్పుడు మన కాళ్ళు మన మాట వినవు కదా, అచ్చం అలాగే ఉంటుంది. దీనికి డాక్యుమెంటరీ అని ఆస్కార్ ఇచ్చారు. ఏమో, ఒక విధంగా నిజమే.

అందులో ఒకడు రెండోవాడి ఇంటిమీద పడి వాడి భార్యనీ పసిబిడ్డనీ కూడా చంపుతాడు, రెండోవాడూ అదే చేస్తాడు. చూసేవాళ్ళు తట్టుకోలేరని ఆ ముక్క తీసేయించారు. వియత్నాం యుద్ధం రోజుల్లో మళ్ళీ పెట్టమన్నారు. మగవాళ్ళిద్దరూ ఒకర్నొకరు నరుక్కుంటే నవ్వుతూ చూడొచ్చు, ఇంట్లోవాళ్ళని చంపితే మాత్రం చూడకూడదు. ఏ యుద్ధంలో ఇంట్లోవాళ్ళని వదిలారో నాకు చెప్పండి. తీసేసిన ముక్కే అసలు సంగతి. చివర్న రకరకాల భాషల్లో, పొరుగువాణ్ణి ప్రేమించమని అక్షరాలు పడతాయి. నాకు ఆ సినిమాలో అన్నిటికన్నా తక్కువ పట్టింది ఆ అక్షరాలే. అవి చదవగానే నేను ప్రేమించేవాళ్ళ జట్టులో చేరిపోయాను. కంచె కట్టినవాడు ఎవడో పరాయివాడు. చదవడం అయిపోయింది, ఇంటికి వెళ్ళొచ్చు.

ఇక నాలుగోది మనింటిది. 2017లో నీరజ్ ఘేవాన్ తీసిన 'జ్యూస్'. హిందీ. పావుగంట కూడా ఉండదు. ఎండాకాలం, ఒకింట్లో స్నేహితుల కుటుంబాలు కలుసుకున్నాయి. ముందు గదిలో కూలర్ ఎదురుగా మగవాళ్ళు గ్లాసులు పట్టుకుని లోకాన్ని ఉద్ధరిస్తుంటారు. ఆడవాళ్ళందరూ వంటింట్లో. షెఫాలీ షా ఇంటావిడ, మంజు. ఆ వంటింటి వేడిని ఎలా చూపించాడో చెబితే తెలియదు, చూడాలి. కెమెరా మనల్ని పొయ్యికీ గోడకీ మధ్య ఇరికించి నిలబెడుతుంది. టేబుల్ ఫాను మొరాయిస్తుంది. ఆవిరి, చెమట, నూనె చిటపట. చూస్తున్నంతసేపూ నేను కొంగుతో మెడ తుడుచుకుంటూనే ఉన్నాను. ఒక నిండు గర్భిణి ఉంది, పిల్ల పుట్టాక ఉద్యోగం సంగతేమిటని అందరూ తలో మాట అంటారు. మగపిల్లలతో ఆడుకుంటున్న ఆడపిల్లని పిలిచి వాళ్ళకి పళ్ళాలు అందించమంటారు. ఎవరూ ఎవర్నీ తిట్టరు, కొట్టరు. రోజూ జరిగేదే జరుగుతుంది. చివర్న మంజు ఫ్రిజ్‌లోంచి జ్యూస్ తీసి గ్లాసులో పోసుకుని, కుర్చీ లాక్కుని వచ్చి మగవాళ్ళ మధ్యన కూలర్ ముందు కూచుంటుంది. గది చప్పబడిపోతుంది. భర్త ఆమెవైపు చూస్తాడు. ఆమె తిరిగి చూస్తుంది. ఆ చూపుతోనే సినిమా ఆఖరు. షెఫాలీ షాకి దీనికి ఫిల్మ్‌ఫేర్ బహుమతి వచ్చింది. ఆ ఒక్క చూపుకి రెండు ఇచ్చినా తప్పులేదు.

మా వీధిలో ఆడవాళ్ళం ఆరుగురం కలిసి దీన్ని చూశాం. ఆ చూపు దగ్గర చప్పట్లు కొట్టాం కూడా. తరవాత గంటసేపు కబుర్లు. ఎవరింట్లో కూలర్ ఎటు తిరిగి ఉంటుందో, ఎవరి మావగారికి నాలుగింటికి టీ పడకపోతే ఏం జరుగుతుందో, అన్నీ వచ్చాయి. ఆ గంట చాలా బాగుంది. అలాంటి గంటలు మాకు తరచు రావు.

కానీ ఆ సినిమాలో కొన్ని సెకన్లపాటు ఇంకొకటి ఉంది. ఆ వంటింట్లోనే, అంత వేడిలోనే, పనమ్మాయికి టీ ఇస్తారు. మిగతా ఆడవాళ్ళు తాగే కప్పుల్లో కాదు. వేరే స్టీలు గ్లాసులో. నీరజ్ ఘేవాన్ దాని మీద కెమెరాని అతికించి కూచోబెట్టలేదు, వెనక విషాద సంగీతం మోగించలేదు. కూలర్‌ని ఎంత మామూలుగా చూపించాడో గ్లాసునీ అంత మామూలుగా చూపించి ముందుకి వెళ్ళిపోయాడు. అంటే ఆ వంటింటికి కూడా ఒక కిటికీ ఉంది. అంతసేపూ కిందివాళ్ళం మేమే అనుకున్నాం. ఆ ఒక్క నిముషం మేమే పైన నిలబడ్డాం.

ఆ గ్లాసు సంగతి నేనెత్తాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒకావిడ "అలాంటిది ఎక్కడుందండీ, నేను చూళ్ళేదే" అంది. మా వదిన "శుభ్రత కోసం పెట్టుకుంటాం గానీ, అందులో వేరే ఉద్దేశం ఏముంటుంది" అంది.

"మరి కూలర్ ముందు కూచున్నవాళ్ళకి మాత్రం వేరే ఉద్దేశం ఉందా వదినా? చల్లగా ఉందని కూచున్నారు" అన్నాను.

వదినకి కోపం వచ్చింది. వచ్చినందుకు నాకు విచారం లేదు. ఆవిడ లేచి వెళ్ళి మా అందరికీ టీ కలుపుకొచ్చింది. ఏడు గ్లాసులు. మా ఆరుగురికీ కాక ఏడోది, పెరట్లో గిన్నెలు తోముతున్న మనిషికి. ఏడూ ఒకలాంటివేనా అని మేమందరం పళ్ళెం వైపు చూశాం. వదిన మా మొహాల వైపు చూసింది.